ఎడమచేతి ముడి

పారాచూటు షెడ్డు దొరగారికి నగరి నేతగాడు చెంగల్రాయుడు రాసేది.

మీ పట్టాళం మీద నాకు నాలుగేళ్ల కోపం ఉంది. నా కొడుకు మునిరత్నం ఎక్కడున్నాడని మూడు కార్డులు రాస్తే, ఆ పేరుగలవాడు లేనేలేడని జవాబిచ్చారు. నేను నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను.

పోయిన నెల ఏరు పొంగి మా వీధివాళ్లం నలభైమందిమి గుట్ట మీద చిక్కుకున్నాం. అందరికీ వాంతులు, భేదులు. అప్పుడు మీ విమానంలోంచి ఒక డాక్టరు మందులపెట్టె కట్టుకుని పారాచూటుతో దూకాడు. అందరూ ఆయన చేతులు పట్టుకున్నారు. నేను పారాచూటు గుడ్డ పట్టుకుని చూశాను. పట్టు మంచిదే.

"ఏం పెద్దాయనా, నా మీద అనుమానమా?" అన్నాడు.

"నీ మీద కాదప్పా, ఈ అతుకు మీద. ఎవురేసినారు దీన్ని?"

"మా షెడ్డులో ఎవరో. అది ఊడిపోయుంటే నేనూ లేను, మీరూ లేరు."

మీ చిరునామా ఆయనే ఇచ్చాడు.

ఆ అతుకులో చిరుగు చుట్టూ పోగులన్నీ ఎడమవైపుకు తిప్పి ముడివేసి ఉన్నాయి. నా ఎరుకలో అట్లా వేసేవాడు ఒక్కడే. "ఎడమచేతి ముడి నిలవదురా" అని మగ్గం దగ్గర నలుగురిలో వాణ్ణి కొట్టాను. వాడు ఆ పొద్దే పట్టాళానికి పోయాడు.

వాడు పేరు మార్చుకుని ఉంటాడు. మీరు పేరు చూడొద్దు, చేతులు చూడండి. దొరికితే, ముడి నిలిచిందని నాయన రాసినాడని చెప్పండి. వాడేమన్నాడో కార్తీక పౌర్ణమి లోపల నాకు తెలియాలి.