నీలం తిరగని రంగు

"ఈ గాజుపలకలు నీలం తిరక్కపోతే మీ పద్ధతిని ల్యాబు పుస్తకంలోంచి తీసేస్తాం సార్," అన్నాడు ల్యాబు అధికారి.

ముసలి శాస్త్రవేత్త గాజుపలక ఎత్తి చూశాడు. దానిమీది కణజాలం ఎర్రగానే ఉంది. పుస్తకంలో ఉన్నట్టే కడిగినా, ఇది మూడోసారి. ఆయన పేరు నిలబెట్టింది ఆ రంగు వేసే పద్ధతే. అది పోతే ఆయనకు మిగిలేది కళ్లజోడు.

చివరికి వదినను పిలిపించాడు. ఇరవై ఏళ్లు ఆయన పలకలు కడిగి, మొన్ననే రిటైరయిన మనిషి.

"రంగు నేను వేశాను. నువ్వు కడుగు, చాలు."

"ఏం మరిదీ, నేను లేకపోతే పూట గడవడంలేదా?" అంటూ ఆమె పలకలు తీసుకుని తిన్నగా కుళాయి దగ్గరికి పోయింది.

"అటెక్కడికి? డిస్టిల్డ్ వాటర్ ఇదిగో! పుస్తకంలో అదేగా రాశాను!"

"నువ్వు రాశావు. నేను చదివానా? ఆ డబ్బా కింది అంతస్తు నుంచి మొయ్యాలి. నాదేమన్నా అద్దె నడుమా? మొదటిరోజు నుంచీ కుళాయి నీళ్లే."

కుళాయి నీళ్లలోని క్షారానికి, చూస్తుండగానే పలకలు నీలం తిరిగాయి. అధికారి నోరు వెళ్లబెట్టాడు.

శాస్త్రవేత్త కుర్చీలో కూలబడ్డాడు. బిరుదులన్నీ తన తెలివికే వచ్చాయనుకున్నాడు. సగం ఆమె నడుంనొప్పికి వచ్చాయి.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మోయించేవాడివి."

ఆయన పుస్తకంలో 'డిస్టిల్డ్' కొట్టేసి 'కుళాయి' అని రాశాడు. పైన తన పేరు పక్కన ఆమె పేరు రాయబోయాడు.

"వద్దు బాబూ! చెప్పినమాట వినలేదని నా పింఛను ఆపేస్తారు."

"నా మాట నువ్వెప్పుడు విన్నావు గనక, నీ మాట నేను వినడానికి!" అంటూ ఆయన రాసేశాడు.