మత్తయ్య అమ్మిన ట్యూబా

“గింత అగ్గువకు ఇస్తున్నవ్, ఏమన్న ఖరాబైందా బాపు?”

హైస్కూలు బ్యాండు టీచరు సునీల ఆ పెద్ద ఇత్తడి ట్యూబాను ఒళ్లో పెట్టుకుని సొట్టల కోసం తడిమింది. ఒక్కటీ తగల్లేదు. బడికి కొత్తది కొనే స్తోమత లేదు. చవకగా తెచ్చినవేమో పిల్లల చేతుల్లో ఏడాదికే మూలపడుతున్నాయి.

“పోరగాండ్లు కింద పడేసినా దీనికేం గాదు,” అన్నాడు మత్తయ్య. “మా చర్చోళ్లల్ల ఎవరు పోయినా, శవప్పెట్టె ముంగట దీన్నే ఊదుకుంట నడిసిన.”

నెత్తి మీది విమానం దాటిపోయేదాకా ఆగి, సునీల గట్టిగా ఊదింది. రేకుల కప్పు అదిరింది.

లోపల మంచాన పడి ఉన్న లీలమ్మ గొంతు వినిపించింది. “ఎవరు పోయిన్రయ్యా?”

“ఎవ్వరు పోలే. పండుకో,” అని భార్యకు చెప్పి, మత్తయ్య గొంతు తగ్గించాడు. “దవాఖానోళ్లు ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరు బిడ్డా. రేపు ఆమె ముంగట గూడ నన్నే ఊదమంటరు. నాతోని గాదు. ఇది ఇంట్ల లేకుంటే అడగరు గద.”

ఆ ధర ఎందుకో సునీలకు అప్పుడు అర్థమైంది. ట్యూబాను వాకిట్లోని ఆటో దాకా మోసింది. మత్తయ్య ఓ చెయ్యి వేశాడు.

“ఇయ్యాల మంచిగ ఊదినవయ్యా,” లోపలినుంచి మళ్లీ లీలమ్మ. “నాకు గూడ గిట్లనే ఊదు.”

“సరే,” అన్నాడు మత్తయ్య, ట్యూబాను ఆటోలోకి తోస్తూ.