దస్తీ వేసిన సీటు

నిరుడు ఒక్క మ్యాచ్ కూడా గెలవని ఫుట్‌బాల్ టీం. కొత్త సీజన్‌లో మొదటి ఆటకు యాభై మంది కూడా రాలేదు. అయినా జంగయ్య పక్క సీటు మీద దస్తీ పరిచాడు.

“అన్నీ ఖాళీ సీట్లే గదన్నా! ఎవరికి ఆపుతున్నవ్?” వాచ్‌మన్ సత్తయ్య నవ్వాడు.

“మా షాద్‌నగర్ దోస్తు ఎల్లేష్‌కు. గోల్‌కీపర్‌ను మారిస్తేనే వస్తనన్నడు. మార్చిన్రు. గీసారి జర ఆశున్నది.”

“షాద్‌నగర్‌ల బస్సెక్కిండా?”

“ఫోన్ ఎత్తుతలేడు. బస్సుల ఉన్నడేమో.”

ఆట మొదలైంది. కొత్త కీపర్ ఎగిరి బంతిని ఆపాడు. “సూసినవార!” అంటూ జంగయ్య పక్కకు చెయ్యి చరిచాడు. అది దస్తీ మీద పడింది.

సత్తయ్య నవ్వు ఆగిపోయింది. “నిరుడు కోచ్‌ను మారిస్తే వస్తనన్నడంటివి. మార్చిన్రు గద?”

జంగయ్య దస్తీ ముడతలు సరిచేశాడు.

“ఇంక డిఫెన్సొక్కటే మారాలె. అప్పుడొస్తడు.”