ఇస్త్రీ దొంగ

"మా ఆయన చెడ్డీలు ఇస్త్రీ చేసింది నువ్వేనా?"

తలుపు తీసిన తూవాకి ముందు ఆ మాట వినబడింది. తరవాత సిగ్రిడ్ గారు కనబడింది. ఆవిడ అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షురాలు. చేతిలో సాక్ష్యం ఉంది. కత్తి అంచులాంటి మడతతో ఒక నీలం చెడ్డీ.

"నేనా? మా ఇంటి బట్టలు చూసుకోవడానికే నాకు తీరిక లేదండీ."

"తీరిక లేనిదానివి, చేతిలో ఆ టూత్‌బ్రష్షేమిటి?"

తూవా బ్రష్షు వీపు వెనక దాచుకుంది. గంట మోగేసరికి ఆమె పొయ్యి గుండీల సందుల్లో జిడ్డు తోముతోంది.

"మొదట మూడో అంతస్తువాళ్ళ దుప్పట్లు ఎవరో మడతపెట్టారు. ఆ తరవాత ఎవరి మేజోళ్ళకో పడ్డ చిల్లులు కుట్టారు. ఇప్పుడిది!" సిగ్రిడ్ గారు చెడ్డీని గాలిలో ఆడించింది. "కింద మన ఉమ్మడి లాండ్రీ గదిలో చాలా ఘోరాలు చూశాను. ఒకరి వంతులో ఒకరు ఉతుక్కున్నారు. డ్రయ్యరులో నూగు తియ్యకుండా పోయినవాళ్ళున్నారు. కానీ పరాయి బట్ట ముట్టుకోవడం... స్వీడన్లో ఉన్నామా, అడవిలో ఉన్నామా?"

జ్వరంతో మూలుగుతున్న పాపని భుజాన వేసుకుని లోపలినుంచి మాల్టే వచ్చాడు.

"ఒప్పేసుకో తూవా. పోయిన పరీక్షల ముందు చదువు మానేసి మెట్ల కటకటాలకి రంగు వేసింది నువ్వే కదా."

"అదీ నువ్వేనా!" అంది సిగ్రిడ్ గారు.

"నువ్వు నా మొగుడివా, ఆవిడ లాయరువా?" అంది తూవా.

ఈసారి మాత్రం తూవా నిజంగానే ఏ పాపమూ ఎరగదు. పగలు వృద్ధాశ్రమంలో పని, సాయంత్రం పాప, ఇల్లు సద్దుమణిగాక ఆన్‌లైన్లో చదువు. పడుతూ లేస్తూ థీసిస్ పూర్తి చేసి గైడుకి పంపింది. ఆయన ఇవాళ అయిదింటిలోగా చదివి సరేనంటేనే డిగ్రీ. డిగ్రీ వస్తేనే జనవరి నుంచి బడిలో టీచరు ఉద్యోగం. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

ఆ మహానుభావుడు సరేననడు, కాదనడు. ఆమె ఒకసారి గడువు దాటించినందుకు మాత్రం, "వాయిదా వెయ్యడం ఒక జబ్బు. మనసుంటే ఇల్లూ, పనీ, చదువూ మూడూ నడుస్తాయి" అని చాంతాడంత మెయిలు పంపాడు. ఇప్పుడు ఎన్నిసార్లు గుర్తుచేసినా ఒకటే జవాబు: "ఊపిరి సలపని పని. చదువుతున్నాను." ఆ ఎదురుచూపు భరించలేకే ఆమె పొయ్యిమీద పడింది.

"కింద ఎర పెట్టి వచ్చాను" అంది సిగ్రిడ్ గారు. "మా అమ్మమ్మ నేసిన క్రిస్మస్ టేబుల్ క్లాత్. ముడతలు ముడతలుగా కుక్కి మరీ బుట్టలో పడేశాను. నువ్వు నా పక్కనే నిలబడు. నువ్వు కాకపోతే ఇంకొకరు దొరుకుతారు."

"నాకు అయిదింటికి..."

"నాకూ గడియారం ఉంది. పద."

ఇద్దరూ నేలమాళిగలోకి దిగి, లాండ్రీ గది ఎదురుగా ఉన్న సైకిళ్ళ గదిలో నక్కారు. తూవా ఫోను పిడికిట్లో పట్టుకుని మెయిలు కోసం చూస్తోంది.

"నాలుగో అంతస్తులో కొత్తగా చేరినాయన కాదు కదా?" అని గుసగుసలాడింది.

"ఛ! చాలా మర్యాదస్తుడు. వచ్చి నెలయింది, ఇంతవరకూ ఒక్కళ్ళ కంటబడలేదు."

ఆ అపార్ట్‌మెంట్లో మర్యాద అంటే అదే. తలుపుకి చెవి ఆనించి, మెట్లమీద అలికిడి లేదని రూఢి చేసుకున్నాకే ఎవరైనా గడప దాటేది. ఎదురుపడితే పలకరించాల్సి వస్తుందని భయం.

అంతలో అడుగుల చప్పుడు. లాండ్రీ గది తలుపు తెరుచుకుని మూసుకుంది. కింది సందులోంచి వెలుతురు. ఆ వెంటనే బుస్సుమని ఆవిరి. ఎవరో హాయిగా కూనిరాగం తీస్తున్నారు.

సిగ్రిడ్ గారు తూవా చెయ్యి పిసికింది. "నువ్వు కాదన్నమాట!"

బుస... బుస... ఉన్నట్టుండి బుస ఆగింది. కూనిరాగం కూడా ఆగింది.

తూవా పిడికిట్లో ఫోను వణికింది. గైడు దగ్గర్నుంచి మెయిలు.

"ఊపిరి సలపడం లేదు. చదువుతూనే ఉన్నాను."

లోపల బుస మళ్ళీ మొదలైంది.

తూవా ఫోను వంక చూసింది. తలుపు వంక చూసింది. సిగ్రిడ్ గారికంటే ముందు తనే వెళ్ళి తలుపు తోసింది.

చొక్కా చేతులు మోచేతులదాకా మడిచిన పెద్దమనిషి ఒకాయన ఒక చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని, రెండో చేత్తో టేబుల్ క్లాత్ మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. "ఒక్క నిమిషం, ఈ అంచు ఒక్కటీ..." అంటూ తలెత్తాడు. తూవాని చూశాడు. ఇస్త్రీపెట్టె గాలిలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ కంప్యూటరు తెరమీద మాత్రమే చూసిన ఆ గుబురు కనుబొమలు నుదుటిమీదికి ఎగబాకాయి.

"నాలుగో అంతస్తు కొత్తాయన ఈయనేనా? నీకు తెలిసినవాడా?" అంది సిగ్రిడ్ గారు.

తూవా గోడ గడియారం చూసింది. నాలుగు కూడా కాలేదు. నడిచివెళ్ళి ఆయన చేతిలోంచి ఇస్త్రీపెట్టె లాక్కుంది. ఫోన్లో థీసిస్ తెరిచి అదే చేతిలో పెట్టింది.

"సిగ్రిడ్ గారూ, ఈ గదికి బయటినుంచి తాళం పడుతుందా?"

"ఓ, బ్రహ్మాండంగా."

"అయిదింటిదాకా వేసి ఉంచండి. ఆ టేబుల్ క్లాత్ కూడా తీసేయండి, కళ్ళెదురుగా ఉంటే ఆగలేడు."

"తాళం సంగతి తరవాత. ముందు ఈ దొంగ పేరేమిటో చెప్పవమ్మా!"

"ప్రొఫెసర్ ఆల్గోట్ బ్రెమ్మర్" అంది తూవా. "నా గైడు!"