ఎడమ కనుబొమ్మ

"ఊరంత గుర్తుపట్టాలె తమ్మీ. సూడంగనే మా నవనీత అనాలె," అన్నాడు భూమన్న.

వాకిట్లో కట్టె సామాను కుప్పగా పడి ఉంది. చిలకపచ్చ రంగు పసిపిల్లల తొట్టెల, నీలం రంగు అల్మారా తలుపులు, చదువుకునే బల్ల, ఉయ్యాల పీట. అన్నీ కూతురివే.

"గీటితోనే చెయ్యి. దానిదేదీ ఇంట్ల ఉండొద్దు. రేపు పొద్దుగాల నిప్పు వెట్టాలె."

జితేందర్‌ది సిరిసిల్ల. మూలన పడ్డ చేమగ్గాల కట్టెలు, కూలగొట్టిన ఇళ్ల తలుపులు ఏరుకొచ్చి మనుషుల బొమ్మలు చేస్తాడు. రంగు మాత్రం తను వేయడు. కట్టె మీద ఉన్న పాత రంగును బట్టి ముక్కను ఎక్కడ నప్పితే అక్కడ బిగిస్తాడు. ఇంట్లోవాళ్లు ఎంత నవ్వినా సరే, దారిలో పాత కట్టె కనిపిస్తే బండి ఆగాల్సిందే. అలాంటి మనిషిని వెతుక్కుంటూ కథలాపూర్ దగ్గరి పల్లె నుంచి భూమన్న వచ్చి ఇలా తన ఇంటికి పిలుచుకురావడం ఇదే మొదటిసారి. కాల్చడానికి బొమ్మ కావాలని అడగడమూ మొదటిసారే.

"మా బిడ్డ మాకు సచ్చిపోయింది," అన్నాడు భూమన్న నేల చూపులు చూస్తూ.

"మరి శవం..." జితేందర్ నసిగాడు.

"అది మాకు దొరుకది."

"కాలువల పడ్డదా కాకా?"

భూమన్న కట్టెల కుప్పను కాలితో జితేందర్ వైపు తోశాడు. కన్నతండ్రిని అడగాల్సిన మాటేనా అది అని జితేందర్ తనను తానే తిట్టుకున్నాడు. శవం దొరకనప్పుడు బొమ్మను చేసి కాలుస్తారని అతనికి తెలుసు. ఆ బొమ్మ తన చేతుల మీదుగా అవుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"ఒక ఫొటో ఇయ్యిరి."

గోడలకు ఫొటోలు లేవు. తీసేసిన చోట సున్నం తెల్లగా కనిపిస్తోంది. చూడలేక తీసేసి ఉంటారు పాపం. భూమన్న కళ్లెర్రజేస్తే అతని భార్య బాలమణి కొంగు చాటు నుంచి ఫోన్ తీసింది.

"గిదొక్కటే మిగిలింది. దానంతట అదే దిగింది."

సెల్ఫీ. కోరుట్ల బస్టాండులో నిలబడి పిల్ల పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. వెనక బోర్డు మీది అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. జితేందర్ వాటిని పట్టించుకోలేదు, ముఖమే చూశాడు. ఎడమ కనుబొమ్మను చీల్చుకుంటూ పాత గాటు. ఇంత మంచి గుర్తు దొరికాక ఇక పోల్చుకోకపోవడమనేది ఉండదు.

పని మొదలుపెట్టాడు. అల్మారా తలుపులు లంగా అయ్యాయి. తొట్టెల కమ్మీలు చేతులయ్యాయి. తన సంచిలోని, పడవల్లా కోసుగా ఉండే మగ్గం నాడెలు రెండు పాదాలకు సరిపోయాయి.

ముఖం కోసం చూస్తే ఉయ్యాల పీట లేదు.

వాకిలంతా వెతికాడు. చివరికి గడ్డివాములో దొరికింది. ఎవరో లోపలికంటా తోసి పెట్టారు. దాన్ని లాగుతుంటే బాలమణి పరుగున వచ్చి చేతులు పట్టుకుంది.

"నీ కాల్మొక్త కొడుకా. కాళ్లు వెట్టు, చేతులు వెట్టు. ముఖం వెట్టకు."

"కాక ఊకుంటడా చిన్నమ్మా?"

"అయితె ఎవ్వలిదో వెట్టు. దానివోలె వద్దు. దాని ముఖం అంటుకుంటుంటె నేను సూడాల్నా? నేను బతుక!"

జితేందర్ కళ్లు తడయ్యాయి. కానీ పోయిన పిల్లకు ఇదే ఆఖరి మర్యాద కదా.

"ఒక్కసారన్న కండ్లనిండ సూసుకోవాలె గదా చిన్నమ్మా. పానం పెట్టి చేస్త. అచ్చం నవనీతే అన్నట్టు చేస్త."

ఆ మాటకు ఆమె నెత్తి బాదుకుంటూ కూలబడింది. భూమన్న వచ్చి "లోపటికి నడువ్" అని అరిచాడు.

జితేందర్ ఉలి పట్టాడు. కన్ను, ముక్కు, ఆ నవ్వు. చివరగా ఎడమ కనుబొమ్మ మీద గాటు. ఫోన్ పక్కన పెట్టి చూసుకుంటే వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత చక్కటి ముఖం తన చేతిలో ఎన్నడూ రాలేదు. మురిసిపోయాడు, వెంటనే సిగ్గుపడ్డాడు.

తెల్లవారి బొమ్మను పాడె మీదికి ఎత్తబోతుంటే బాలమణి వచ్చింది. చెంపలు తడిమింది. కనుబొమ్మ దగ్గర వేలు ఆగింది. రెండో కనుబొమ్మ కూడా తడిమి చూసింది. ఏడుపు ఆగిపోయింది.

"ఏమన్న తప్పయిందా చిన్నమ్మా?"

"లేదు కొడుకా. గిట్లనే ఉండనీ. ఇగ ముట్టకు," అంది గబగబా.

బిడ్డను చూసినట్టే ఉందేమో, తల్లి మనసు కాస్త కుదుటపడింది అనుకున్నాడు జితేందర్.

డప్పులు మోగాయి. "అగో, నవనీతే!" అన్నారు ఊరివాళ్లు. ఆడవాళ్లు కొందరు కొంగు నోట్లో కుక్కుకున్నారు. భూమన్న కంట చుక్క నీరు రాలేదు. కుండ పగలగొట్టి, వెనక్కి చూడకుండానే నిప్పు పెట్టాడు. పాత రంగు కదా, భగ్గున అంటుకుంది.

చూడలేక జితేందర్ జనం వెనక్కి వచ్చాడు. తుమ్మచెట్టు కింద ఒక అమ్మాయి స్కూటీ పట్టుకుని నిలబడి ఉంది. ముఖమంతా స్కార్ఫ్ చుట్టుకుంది. ఈమధ్యే పెళ్లయినట్టుంది, మెడలో పసుపుతాడు పచ్చి ఆరలేదు. మంటను చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"గా బొమ్మ నువ్వే చేసినవా అన్నా?" అని అడిగింది.

"అవునమ్మా. నీ దోస్తా? నవనీత లెక్కనే ఉన్నదా?"

"అంత మంచిగనే ఉన్నదన్నా, గాటు ఒక్కటే ఎడమ దిక్కు కాదు, గిటు దిక్కు," అని ఆమె స్కార్ఫ్ విప్పి తన కుడి కనుబొమ్మను చీల్చిన గాటు మీద వేలు పెట్టి చూపించింది.