మొదటి పిడికిలి

ఇప్పుడు మా ఊళ్ళో ఇంటింటికీ ఒక అద్దం ఉంది. పొద్దున్నే వేలు ఆనిస్తే నెత్తురులోని కాపలా కణాలను లెక్కేసి చెబుతుంది. లెక్క ఎక్కువున్న ఆడమనిషి చేతనే చెనక్కాయ విత్తు మొదలుపెట్టించడం ఆనవాయితీ అయింది.

నా భార్య ఓబుళమ్మకు లింఫోమా, నెత్తురు క్యాన్సరు. ఈమధ్య ఆమె లెక్క బాగా పడిపోయింది. ఏడాది దాటడం కష్టమన్నాడు డాక్టరు.

అయినా చేలో విత్తనాల గంప ఆమె ముందే పెట్టాను.

"నేనెందుకయ్యా? పక్కింటి సుంకులమ్మను పిల్చు. దాని లెక్క తొంభై అంట."

"పోయినేడు దాని చేతి విత్తు మొలిచిందా?"

"వాన రాకుంటే అదేం చేస్తాది, పాపం!"

"నీ లెక్క చూసి వాన ఆగుతాదా మరి?"

గట్టు మీద జనం చూస్తున్నారు. ఓబుళమ్మ పిడికిలి నిండా విత్తనాలు తీసుకొని, నేను ఎద్దులతో తోలే గొర్రు వెనక నడిచింది. సగం సాలు కాకముందే ఏటా తిట్టినట్టే తిట్టింది.

"వంకర పోతాంది, సూసి తోలు!"