మొదటి రోజు సంతకాలు

డ్వేన్ కిట్టెల్సన్ కాగితాలు పట్టుకుని లేవగానే ఎదురు బల్ల దగ్గర మిసెస్ టాలెఫ్సన్ పెన్ను మూత తీసింది. ఆవిడ మూత తీసిందంటే అవతలి మనిషి పని అయిపోయినట్టేనని ఊరందరికీ తెలుసు. డ్వేన్‌కి ఇంకా బాగా తెలుసు. ఏడో తరగతిలో అతనికి పాఠాలు చెప్పింది ఆవిడే. ఇప్పుడతను ట్రాక్టర్లు బాగుచేసే యాభై ఏళ్ల మనిషి. అయినా ఆవిడ ముందు నిలబడితే మోకాళ్లు ఇంకా ఏడో తరగతిలోనే ఉంటాయి.

ఫైర్ స్టేషన్ హాల్లో అరవైమంది దాకా చేరారు. సగం మంది అక్కడ వడ్డించే హాట్‌డిష్ అనే బంగాళాదుంపల వంటకం కోసం వచ్చినవాళ్లే. అమెరికా కొత్త అధ్యక్షుడి ప్రమాణస్వీకారానికి ఇంకా వారం ఉంది. గద్దెనెక్కిన మధ్యాహ్నమే పధ్నాలుగు ఉత్తర్వుల మీద సంతకాలు పెడతానని ఆయన టీవీలో చెప్పినప్పటినుంచి ఊళ్లో ఇద్దరు కలిస్తే అదే గొడవ.

చర్చ నడుపుతున్న లైబ్రేరియన్ మార్లిస్ ముందే గీత గీసింది. ఏ ఉత్తర్వు మంచిది, ఏది చెడ్డది అన్న మాట వద్దు. చట్టసభతో పని లేకుండా వచ్చిన రోజే సంతకాలు పెట్టెయ్యడం న్యాయమా కాదా, అదొక్కటే తేలాలి. ఓడినవాళ్లు మళ్లీ ఎన్నికలదాకా కేఫ్‌లో రాజకీయాలెత్తకూడదు. కిందటి చర్చలో ఓడిన డ్వేన్ నాలుగేళ్లుగా ఆ కేఫ్‌లో వాతావరణం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఇంకో నాలుగేళ్లు మాట్లాడుకోవడానికి అంత వాతావరణం నార్త్ డకోటాలో కూడా లేదని అతని భార్య అప్పటికే అంటోంది.

డ్వేన్ గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. జనం ఓటేసింది పని చెయ్యమని, కుర్చీలో కూర్చుని చట్టసభకేసి చూస్తూ ఉండమని కాదు అన్నాడు. రాత్రంతా మంచు కురిస్తే, మంచు తీసే బండి డ్రైవరు ఊరి సభ తీర్మానం కోసం ఆగుతాడా అని అడిగాడు. ఆలస్యం చేసే నాయకుడు తనకి ఓటేసినవాళ్లని మోసం చేస్తున్నట్టేనన్నాడు. తడబడకుండా పది నిమిషాలు చదివాడు. డ్వేన్ అంత బాగా మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. హాట్‌డిష్ తింటున్నవాళ్లు కూడా చెంచాలు పక్కనపెట్టి చప్పట్లు కొట్టారు.

అతను చదువుతున్నంతసేపూ మిసెస్ టాలెఫ్సన్ తలెత్తలేదు. వినడం కంటే జవాబులు రాసుకోవడంలోనే ఉంది. తన వంతు రాగానే లేచి, డెబ్భై తొమ్మిదేళ్ల నడుం నిటారుగా నిలబెట్టింది.

మంచు బండి డ్రైవరుతోనే మొదలుపెట్టింది. వాడు నడిపేది చట్టసభ వేసిన రోడ్డు మీద, రోడ్డు దిగి నీ షెడ్డు మీదికి తోలితే ఊరుకుంటావా డ్వేన్ అని అడిగింది. హాలంతా గొల్లున నవ్వింది. ఒక్కడు సంతకం పెడితే సాగే దాన్ని రాజరికం అంటారని, దాన్ని వదిలించుకోవడానికే కదా మనవాళ్లు అప్పట్లో అంత రక్తం ధారపోసిందని అంది. ఓటేసినవాళ్లకే కాదు, వెయ్యనివాళ్లకీ ఆయనే అధ్యక్షుడని, వాళ్ల మాట వినిపించేది చట్టసభలోనేనని అంది. ఆవిడ కూర్చునేసరికి చప్పట్లు రెట్టింపయ్యాయి.

డ్వేన్ భార్య చేతిసంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

చేతులెత్తించి లెక్కపెట్టే ముందు, ఎవరైనా ఇంకేమైనా చెప్పాలా అని మార్లిస్ అడిగింది. మిసెస్ టాలెఫ్సన్ కూర్చునే పెన్ను పైకెత్తింది.

"ఒక్క మాట. డ్వేన్, ఆ చదివింది నీది కాదు."

అందరూ డ్వేన్ వైపు తిరిగారు.

"కాదు, మిసెస్ టాలెఫ్సన్," అన్నాడు డ్వేన్ నేలచూపులు చూస్తూ.

"నాకు తెలుసు. కామా ఎక్కడ పెట్టాలో కూడా నువ్వు ఏడో తరగతిలోనే మర్చిపోయావు. అంతంత వాక్యాలు నీకెక్కడివి? కాపీ కొట్టావు."

"కొట్టాను."

"పోనీ కొట్టేవాడివి, కాస్త బుర్ర ఉన్నవాళ్ల దగ్గర కొట్టకూడదూ? పైపైన నునుపు, లోపల డొల్ల. ఇలాంటిది నా క్లాసులో ఎవరైనా రాసి ఉంటే వందకి ముప్ఫై వేసి, అమ్మానాన్నల్ని పిలిపించేదాన్ని."

ఎవరో కిసుక్కున నవ్వారు. డ్వేన్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. ఆవిడ ఆగమంది.

"ఎవరు రాశారో చెప్పి మరీ పెట్టుకో."

"ఇప్పుడెందుకండీ. మీరు గెలిచారు కదా."

"గెలవడం సంగతి తర్వాత. ఇంత తెలివితక్కువగా ఆలోచించే మనిషెవరో ఊరికి తెలియాలి. టీవీలో వాగేవాళ్లలో ఒకడా?"

"కాదు."

"మరి?"

డ్వేన్ మార్లిస్ వైపు చూశాడు. మార్లిస్ కిటికీలోంచి మంచుకేసి చూస్తోంది. అతను కాగితాలు మళ్లీ విప్పి, హాలు దాటి వచ్చి, ఆవిడ ముందు బల్ల మీద పరిచాడు.

"నాలుగేళ్ల కిందట మీ మనిషి నెగ్గినప్పుడు ఇదే హాల్లో మీరు చదివిందేనండీ, లైబ్రరీలో కాపీ ఉంటే తెచ్చుకుని అధ్యక్షుడి పేరొక్కటే మార్చాను; ఇందాక మీరు చెప్పినదంతా ఆ రోజు నేను చెప్పిందే."